మూడో వారం

తెల్లారి నాలుగున్నరకి, ఫిషింగ్ హార్బర్ వెనక షెడ్డు గేటు దగ్గర
నా వేలు నన్ను గుర్తుపట్టదు.
పదకొండేళ్ళు మంచులో చెయ్యి పెట్టి రొయ్య వలిస్తే
గీతలన్నీ పొట్టుతో పాటే పోయాయి.
ఫోను కూడా అంతే,
నాలుగుసార్లు నొక్కితే ఒకసారి ఒప్పుకుంటుంది.

ఆ వేలితోనే చేరాను.
ఫీజు లేదన్నారు. టీసీ అడగలేదు.
ఇంటిపేరు చూసి ఏ పేటమ్మా అనలేదు.
అర్జిల్లి కాసులమ్మ అని కొట్టాను.
"స్వాగతం, అర్జిల్లి కాసులమ్మ" అంది తెర.
ఎనిమిదో తరగతిలో పేరు కొట్టేసిన రోజు తప్ప
బడిలో ఎవరూ నా పేరు అంత పొడుగునా చదవలేదు.

గణాంకాలు, మొదటి మెట్టు.
నాతో పాటు అరవై రెండు వేల మంది అట.
సింహాచలం చందనోత్సవం లైనంత బడి,
పక్కన మాత్రం ఒక్కరూ లేరు.

మాస్టారిది ఏదో చలిదేశం.
మెడకి ఉన్ని గుడ్డ, మంచివాడిలాగే ఉన్నాడు.
ఆయన మాటల కింద తెలుగు పరిగెడుతుంది,
మిషను చేసిన తెలుగు.
ఆయన "మీన్" అన్నాడు,
కింద "నీచం" అని పడింది.
నా చేతులు నేను వాసన చూసుకున్నాను.
నీచే మరి.
అది సగటు అని తెలియడానికి రెండ్రోజులు పట్టింది.
అడుగుదామంటే
ఆయన ఎప్పుడో చెప్పేసి లేచెళ్ళిపోయిన పాఠం.

రోజుకిచ్చే డేటా మా గుంటడు
మధ్యాహ్నానికే ఆటల్లో తినేస్తాడు.
అర్ధరాత్రి దాటాక కొత్తది వదులుతారు, కొళాయి వదిలినట్టు.
బిందె పెట్టుకుని కూర్చున్నట్టే కూర్చున్నాను,
ఒంటిగంట దాకా, మూడు వారాలు.

మూడో వారం ఇలా చెప్పాడు:
తప్పు అనేది అటూ ఇటూ పడుతుంది,
ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ.
ఎప్పుడూ ఒక పక్కకే పడితే
దాన్ని తప్పు అనకూడదు.

వీడియో ఆపేశాను.
డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతోంది.
మా షెడ్డులో కాటా గుర్తొచ్చింది.

మర్నాడు కేజీ ఉప్పు ప్యాకెట్టు
చీర కుచ్చిళ్ళలో దాచి తెచ్చాను.
సూపర్‌వైజరు టీకెళ్ళినప్పుడల్లా కాటా మీద పెట్టి
గుంటడి పాత నోటుపుస్తకం వెనక రాశాను.
తొమ్మిదొందల ఇరవై. తొమ్మిదొందల పదిహేను.
తొమ్మిదొందల ఇరవై రెండు.
నలభై రెండు రోజులు రాశాను.
ఒక్క రోజంటే ఒక్క రోజు వెయ్యి దాటలేదు.
కేజీకి ఎనభై గ్రాములు, సగటున.
దాన్ని పదకొండేళ్ళతో గుణించడానికి
ఏ కోర్సూ అక్కర్లేదు.

పుస్తకం చూపించాను.
పేజీలన్నీ తిప్పాడు, మళ్ళీ మొదటికొచ్చాడు.
"ఇదంతా ఎక్కడ నేర్సుకున్నావే?
సర్టిఫికెట్టుందా?"

లేదు.
పాఠం ఉచితమే.
నేర్చుకున్నావన్న కాగితానికి నాలుగు వేలు.
అసలు నాలుగో వారంలోకి నేను వెళ్ళనే లేదు,
కాటా పనిలో పడ్డాను.
నిన్నెందుకు రాలేదని ఎవరూ అడగలేదు.
ఒక మెయిలొచ్చింది, మీరు లేని లోటు తెలుస్తోందని.
మానేసిన వాళ్ళందరికీ అదే అచ్చు అయి ఉంటుంది.
వాళ్ళ పట్టికలో నేను రాలిపోయినదాన్ని.
ఆ సగటు కూడా ఎవరో కడుతుంటారు.

కొత్త కాటా ఇంకా రాలేదు.
ఉప్పు ప్యాకెట్టు మాత్రం ఇప్పుడు బల్ల మీదే, బాహాటంగా.
తూకానికి ముందు అందరూ దాన్నే పెడతారు.
సూపర్‌వైజరు అటు చూడనట్టు
సముద్రం కేసి చూస్తాడు.

మొన్న, కొత్తగా చేరిన ముత్యాలు అడిగింది,
"అప్పా, ఆ పుస్తకంలో రాసినావు, సగటంటే ఏటి?"
"నీచం" అన్నాను.
పాపం, తన చేతులు తను వాసన చూసుకుంది.

నవ్వాపుకుని మంచు బుట్ట పక్కకి జరిపాను.
"నీకు రెండ్రోజులు పట్టదులేయే,
ఇలా వచ్చి కూకో."